వరదమ్మ తలమీది టోపీ

నేను ఒక నర్సు టోపీని. తెల్ల లాంగ్‌క్లాత్ ముక్క, రెండు మడతలు, వెనక రెండు పిన్నులు. ఇంతే నా వంశం. గంజి పెడితే నిలబడతాను, చెమట పడితే చతికిలబడతాను. అయినా ఎంత మోతుబరి అయినా నా ముందు చేతులు కట్టుకునేవాడు. మనుషులకు బట్టంటే అంత గౌరవం.

గోదావరి జిల్లాలో ఒక సర్కారు ఆసుపత్రిలో నన్ను వరదమ్మ తలమీద పెట్టారు. ఆ రోజుల్లో పరువుగల ఇళ్లవాళ్లు ఆడపిల్లను నర్సు పనికి పంపేవారు కారు. పరాయి మగవాడి ఒళ్లు తుడవడమా, శివశివా! వచ్చేవాళ్లు కిరస్తానీ పిల్లలు, లేదా ఇంట్లో ఎవరికీ అక్కర్లేని వితంతువులు. వరదమ్మ రెండో రకం. కాపురమంటే ఏమిటో తెలియకముందే మొగుడు పోయాడు. ఊళ్లో ఆమె ఎదురొస్తే చాలు, బయల్దేరినవాళ్లు వెనక్కి వెళ్లి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవారు.

అలాంటి మనిషి నన్ను పెట్టుకుని వార్డులో అడుగుపెడితే రోగులంతా తలుపు వైపు తిరిగేవాళ్లు. "అమ్మగారొచ్చారు" అని మూలుగులు కూడా తగ్గించేవాళ్లు. ఇదంతా నా మహిమేననుకుని నేను తెగ నిక్కాను.

ఒకసారి ఆమె చెల్లెలు సుభద్ర కానుపుకొచ్చింది. డాక్టరమ్మ ఊళ్లో లేదు. బిడ్డ కాళ్లు ముందొచ్చాయి. సుభద్ర అత్తగారు వరదమ్మ కాళ్లు పట్టుకున్నంత పనిచేసి, "మహాతల్లీ, నా కోడల్ని నీ చేతుల్లో పెట్టాను" అంది. వరదమ్మ వితంతువని తెలియక కాదు, తెలిసే అంది. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. ఆ బిడ్డను మొదట అందుకున్నవి వరదమ్మ చేతులే.

బారసాలకు ముచ్చటపడి వెండిగిన్నె కొనుక్కుని వెళ్లింది. టోపీ ఆసుపత్రి గడప దాటకూడదని రూలు, అందుకని నేను డ్యూటీగదిలో కొక్కేనికి వేలాడుతూ ఉండిపోయాను. వెళ్లినంతసేపు పట్టలేదు, తిరిగొచ్చేసింది. గిన్నె చేతిలోనే ఉంది.

"అదేంటే, అప్పుడే వచ్చేశావు?" అంది తోటి నర్సు ఎస్తేరమ్మ.

"ముత్తైదువలు పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసే వేళ ఎదురుగా ఎందుకూ, దొడ్లో కూర్చోమంది సుభద్ర అత్తగారు. కూర్చోలేకపోయాను."

"సుభద్ర ఏమీ అన్లేదా?"

"తలొంచుకుంది."

నన్ను తీసి పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "ఇదుంటేనే నేనో మనిషినే, ఎస్తేరూ" అంది. ఆ మాటకు నేనెంత పొంగిపోయానో!

గాజు సిరంజిలు ఉడకబెట్టే రోజులు పోయాయి. పరీక్షలు రాసి, పోటీపడి సీటు తెచ్చుకున్న అమ్మాయిలొచ్చారు. టోపీ దోమతెరలకు చిక్కుకుంటోంది, మురికి పడుతోంది, తీసెయ్యమని ఉత్తర్వొచ్చింది. అమ్మాయిలు హాయిగా తీసి తల గోక్కున్నారు. అప్పటికి హెడ్‌నర్సయిన వరదమ్మ ఒక్కతే తియ్యలేదు.

"ఇంకా ఎందుకు మేడమ్, పిన్నులు గుచ్చుకోవడం తప్ప?" అంది ఒక కొత్తమ్మాయి.

"ఇది లేకపోతే పొద్దున్నే నా మొహం చూసి రోగులు అటు తిరుగుతారే పిల్లా" అంది. నవ్వుతూనే అంది, కానీ నా పిన్నులు ఇంకాస్త బిగించుకుంది.

చివరికి రిటైరయ్యే నెలలో సూపరింటెండెంటు గట్టిగా చెప్పాక తీసింది. నన్ను గుప్పిట్లో నలిపి పట్టుకుని, బోడితలతో పెళ్లివారింటికి పోతున్నట్టు గోడవారనే వార్డులోకి వెళ్లింది. రోగులంతా ఎప్పటిలాగే తలుపు వైపు తిరిగారు. ఆపరేషనుకు తీసుకుపోతున్న ఓ ముసలమ్మ స్ట్రెచరు ఆపించింది.

"అలా గోడ పక్కకి పోతావేంటమ్మా? ఇటు నాకెదురు రా. నిన్ను చూసి వెడితే నాకు భయముండదు."

వరదమ్మ నిలబడిపోయింది. తర్వాత మెల్లగా ఎదురొచ్చింది. ఆమె గుప్పిట ఎప్పుడు వదులైందో, నేను నేలమీద పడ్డాను. ఆమె వంగి చూడలేదు.

ఎవరో ఎత్తి దాచినట్టున్నారు, ఇప్పుడు నర్సింగు స్కూలు అద్దాల బీరువాలో ఉన్నాను. గంజి పెట్టే దిక్కులేక వాలిపోయాను. పిల్లలు నన్ను చూసి ముచ్చటపడుతుంటే బాధేస్తుంది. ఆ రోగులు ఎదురుచూసింది ఎప్పుడూ ఆమె కోసమే. ఆ సంగతి వరదమ్మకు తెలిసేసరికి ఆమె ఉద్యోగం ఒక్క వారం మిగిలింది.