ఐదు తూటాల పొత్తు

తిప్పేస్వామి యాడికి ఊళ్లో వేరుశనగ వ్యాపారి. మనిషైనా వస్తువైనా త్రాసులో వేసి చూడందే ఆయనకు నిద్ర పట్టదు. ఆ సంవత్సరం అడవిపందులు ఆయన చేనంతా తవ్వి పోస్తుంటే, అనుమతి తెచ్చుకుని ఐదు తూటాల తుపాకీ కొన్నాడు. గొట్టం కింది పిడిని వెనక్కీ ముందుకీ లాగితే కొత్త తూటా దానంతటదే ఎక్కుతుంది. పక్క చేను నబీ సాబ్‌ది. అతనికున్నది తండ్రి నాటి ఒంటి గొట్టం తుపాకీ. మధ్యకు వంచి, ఒక్క తూటా పెట్టి, మూసి కాల్చాలి.

"ఏమప్పా నబీ, ఆ తుపాకీతో పందిని కొడతావా, సలాం చేస్తావా?"

"నా దాంట్లో చెడిపోయేదానికి ఏముండాదన్నా? నీ దాంట్లో ఎన్ని స్ప్రింగులుండాయో నీకే తెలీదు."

ఆయుధపూజ నాడు తిప్పేస్వామి తుపాకీకి కుంకుమ పెట్టి, సొంత గానుగలో ఆడించిన వేరుశనగ నూనె కీలుకీలుకూ తాగించాడు. తన సరుకును మించింది బజారులో ఉందా అని ఆయన ధీమా. తర్వాత దాన్ని కాయలు తూర్పారబట్టే కళ్లం పక్క గదిలో నిలబెట్టాడు. దుమ్మంతా ఆ నూనెకు అంటుకుంది.

ఒక సాయంత్రం ఇద్దరూ చేల కాపలా ఉండగా పంది వచ్చింది. నబీ సాబ్ తూటా దాని తొడను గీసుకుపోయింది. అది వెనుదిరిగి అతని మీదికే ఉరికింది.

"కొట్టన్నా!"

తిప్పేస్వామి కాల్చాడు. గురి తప్పింది. పిడి లాగాడు. సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. ఎంత గుంజినా కదల్లేదు. ఆయన గొంతు చించుకుని అరుస్తూనే ఉన్నాడు. నబీ సాబ్ వెనక్కి పడి, పడినచోటే తుపాకీ వంచి, కాలిన తూటా తొడుగును గోటితో లాగి, ఇంకో తూటా తోసి కాల్చాడు. పంది అతని కాళ్ల దగ్గర కూలింది.

నబీ సాబ్ లేచొచ్చి ఆ కొత్త తుపాకీ వాసన చూశాడు.

"దీంట్లో బజ్జీలేమన్నా వేసినావా అన్నా?"

నవ్వబోయిన తిప్పేస్వామికి ఏడుపొచ్చింది. ఆ రాత్రి ఆయన లెక్క వేసుకున్నాడు. ఒక్క తూటా తుపాకీ నబీ సాబ్‌ను చావు అంచుదాకా తీసుకుపోయింది. కాబట్టి ఐదు తూటాలు దండగ కాదు. కానీ ఒక్కో స్ప్రింగూ ఒక్కో పొత్తుదారు. ఇంతమందిని చేర్చుకుని ఒక్కరినీ కనిపెట్టుకోకపోతే ఏ పొత్తు నిలుస్తుంది?

మరునాడు కిరసనాయిలుతో తుపాకీని కడిగి, తుడిచి ఆరబెట్టాడు. సాయంత్రం నబీ సాబ్ వచ్చి ఆయన వాకిట్లో నిలబడ్డాడు.

"చేనికి రాలేదేమన్నా?"

"నీ పక్కన నిలబడేదానికి నాకు మొగమేది?"

"పందులు రెండు దిక్కుల వస్తాయి. నేనొక్కణ్ణి ఎంతని చూసేది?"

తిప్పేస్వామి ఖాళీ తుపాకీ అందించాడు. "నువ్వే లాగి చూడు."

నబీ సాబ్ మనసు కుదిరేదాకా పిడి లాగి చూసి, తిరిగిచ్చాడు. తర్వాత తన వీపును ఆ తుపాకీ కాపలాకు అప్పగించి, చేని దారిలో ముందు నడిచాడు.