గడపలో నిలబడ్డ మూడో పిలుపు

ఆర్డిస్ సాయంత్రం నాలుగున్నరకు లైబ్రరీ పని ముగించుకుని వచ్చేది. వీధి మలుపులోనే గ్యారేజ్ తలుపు రిమోట్ నొక్కేది. కారు గ్యారేజ్‌లోకి దూరేది, ఇంజను ఆగకముందే వెనకాల తలుపు దిగిపోయేది. విడాకులైన ఆరేళ్లలో వీధివాళ్లు ఆమె ముఖం కన్నా ఆ తలుపునే ఎక్కువసార్లు చూశారు. మిన్నెసోటాలో చలికాలం అందరికీ అలాగే గడుస్తుంది. ఆర్డిస్‌కు ఎండాకాలమూ అలాగే గడిచేది.

నవంబరులో మొదటి మంచు పడ్డ వారం ఆ తలుపు మొరాయించింది. మోకాలి ఎత్తు దాకా దిగడం, ఏదో తగిలినట్టు ఆగడం, మళ్లీ పైకి పోవడం. పైన దీపం పదిసార్లు మిణుకుమనేది. గడపకు అటూ ఇటూ, అడ్డం వస్తే పసిగట్టడానికి పెట్టిన కళ్ల మధ్య ఏదో ఉందని దానర్థమట, తలుపుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. ఆర్డిస్ ఆ కళ్లను మెత్తటి గుడ్డతో తుడిచింది. సాలెగూడు దులిపింది. మరలు వదులుచేసి రెండింటినీ ఎదురెదురుగా సరిచేసింది. లాభం లేకపోయింది. మోటారు నుంచి తలుపును విడదీసే ఎర్ర తాడు లాగి చేత్తో దించబోతే అప్పుడూ మోకాలి దగ్గరే ఆగింది.

వంటింటి నీళ్ల గొట్టాలు గ్యారేజ్ గోడలోనే ఉన్నాయి. చలి ఇంకాస్త ముదిరితే పగులుతాయి. అంతకన్నా బాధ, ఆమె గ్యారేజ్ వీధికంతా కనిపిస్తోంది. గోడకు వేలాడుతున్నది ఒకే ఒక్క మడతకుర్చీ. ఆమెకు సిగ్గేసింది.

శనివారం మధ్యాహ్నం తలుపులు బాగుచేసే మార్నా వచ్చింది. ఇద్దరూ ఒకే బళ్లో చదువుకున్నారు. మార్నా మోకాళ్ల మీద కూర్చుని, చేతొడుగు తీసి, గడప మీద గాలిలో అరచెయ్యి ఆడించింది.

"కళ్లు బానే ఉన్నాయే. ఇక్కడ ఓ పిలుపు నిలబడి ఉంది."

"ఎవరిది?"

"వాసన చూడు. పొగలో మగ్గిన మాంసం, మిరియాలు. ఎదురింటి లెలాండ్‌ది కాక ఇంకెవరిది? ఎన్నిసార్లు పిలిచాడు నిన్ను?"

"రెండుసార్లు. భోజనానికి రమ్మని."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? మీకెందుకులెండి శ్రమ అన్నాను. రెండోసారి, ఇంట్లో వండుకున్నానన్నాను."

"వండావా?"

"లేదు." ఆర్డిస్ తలొంచుకుంది. "మూడోసారి అడిగితే వెళ్దామనే ఉన్నా. స్వెటర్ కూడా మార్చుకున్నా."

ఆ ఊళ్లో మొదటి పిలుపుకే ఊ కొట్టడం కక్కుర్తి. రెండోదానికీ మొహమాటపడాలి. మూడోదానికి వెళ్లాలి. పిలిచేవాళ్లూ మూడుసార్లు పిలుస్తారు.

మార్నా పకపకా నవ్వింది. "ఆయన మొన్న వేసవిలో టెక్సాస్ నుంచి వచ్చిన మనిషి తల్లీ! మన వేషాలు ఆయనకేం తెలుస్తాయి? అయినా పాపం మూడోసారీ ఇక్కడి దాకా వచ్చాడు. నీ తలుపు మొహం మీదే దిగిపోయింది. ఆయన వెనక్కెళ్లాడు, నోటిదాకా వచ్చిన పిలుపు ఇక్కడే ఉండిపోయింది." చీపురు అందుకుంది. "రెండు దెబ్బలేస్తే పోతుంది. పోతే మాత్రం మళ్లీ రాదు. ఊడ్చేయనా?"

ఆర్డిస్ ఎదురింటి వైపు చూసింది. లెలాండ్ గ్యారేజ్ ముందు ఒక్కడే కూర్చుని పొయ్యికేసి చూస్తున్నాడు. పక్కన రెండో కుర్చీ ఉంది. దాన్నిండా మంచు పేరుకుంది, అయినా మడిచి లోపల పెట్టలేదు.

ఆమెకు భయమేసింది. ఒంటరితనం ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు, అదొక్కటే తెలుసు.

"చీపురు వద్దులే," అంది.

మార్నా బయటికి నడిచి, తన వ్యాన్‌లో సామాను సర్దుకోసాగింది. ఆర్డిస్ ఇంటి చెప్పులతోనే వచ్చి గడప మీద నిలబడింది.

"వస్తానండీ," అంది, ఎదురుగా ఎవరూ లేని గాలితో.

వెచ్చగా ఏదో ఆమె మోకాళ్లను రాసుకుంటూ తప్పుకుంది. ఆమె ఒక అడుగు ముందుకేసింది. వెనకాల తలుపు ఎవరూ నొక్కకుండానే గరగరమంటూ దిగి, నేలకు ఆనుకుంది.

"రిమోట్ ఏదే?" మార్నా అరిచింది.

"లోపల, కార్లో."

"ఇంటి తాళాలు?"

"అవీ లోపలే."

ఆర్డిస్ వెనక్కి తిరగలేదు, మంచులో చెప్పులు తడుస్తుండగా వీధి దాటింది. అవతల లెలాండ్ లేచి నిలబడ్డాడు. రెండో కుర్చీ మీది మంచును చొక్కా చేతితో తుడవడం మొదలుపెట్టాడు.