ఎనిమిదో రూలు

పంతొమ్మిది వందల యాభై రెండు, ఏప్రిల్ ఇరవై రెండు, మంగళవారం. ఆ పొద్దున గుమాస్తా శేషన్న తిన్నది రెండు కొబ్బరి ముక్కలు, వేలెడు బెల్లం. మహానంది ప్రసాదం. పెట్టిన చెయ్యి ఆయన పనిచేసే కరువు డిపో సూపరింటెండెంటు తిమ్మయ్యది. వారం రోజులుగా అంబలి తప్ప మరొకటి ఎరగని నోరు కాబట్టి, శేషన్న ప్రసాదం కళ్లకద్దుకుని తిని, బెల్లం అంటిన వేళ్లు కూడా నాకాడు.

మధ్యాహ్నానికి ఊరి నుంచి కబురొచ్చింది. అక్క నాగక్క గంజి కేంద్రం వాకిట్లో, వరసలో నిలబడినది నిలబడినట్టే కూలిపోయి ప్రాణం విడిచిందట.

ఆ కేంద్రంలో మూడు రోజులుగా పొయ్యి వెలగలేదు. గింజలు లేక కాదు. ఆ కేంద్రం ఉన్న కోసిగికి రెండు స్టేషన్ల అవతల, డిపో ప్లాట్‌ఫారం మీద అరవై బస్తాల జొన్నలు ఎండకు ఎండుతూనే ఉన్నాయి. అయితే డిపోలో ఒక పద్ధతి ఉండేది. రైలు దిగిన ప్రతి బస్తా తిమ్మయ్య బల్ల ముందుకు రావాలి, ఆయన కాటా ఎక్కాలి, ఆయన గోడమీది నల్లబోర్డు మీద అంకె కావాలి. ఆ తర్వాతే చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న తొమ్మిది నిల్వ గదుల్లో ఏదో ఒకదానికి బండి కదలాలి. కాటా తాళం చెవి ఆయన మొలతాడుకే ఉండేది. ఆ మొలతాడుతోనే ఆయన శుక్రవారం మహానంది పోయి, మూడు రోజులు కోనేట్లో మునిగి, సోమవారం రాత్రికి తిరిగొచ్చాడు.

తల్లి పోయాక శేషన్నను పెంచింది నాగక్క. కాళ్ల కడియాలు అమ్మి కర్నూలు కాలేజీలో చదివించిందీ ఆమే. కబురు విన్న శేషన్న డిపో వెనక్కి పోయి గొంతులో వేలు పెట్టుకున్నాడు. బెల్లం బయటికి రాలేదు.

ఆ రోజు నుంచి ఆయనకు ఒకటే కోరిక. తిమ్మయ్య ఆ కుర్చీలోంచి లేవాలి. ఎవరో లాగితే కాదు, తన బోర్డే తనను లేపాలి. ఎందుకంటే తిమ్మయ్య ఎప్పుడూ గది తలుపు తీసి చూసేవాడు కాదు. ఎవరేమడిగినా కూర్చున్నచోటి నుంచే బోర్డు వైపు గడ్డం ఎత్తేవాడు. "ఆడ ఉండాది సూడప్పా. బోర్డు మాటే నా మాట," అనేవాడు.

మే నెలలో, డిపోను నడిపే సహాయ సంఘం తరఫున మద్రాసు నుంచి తనిఖీ ఆఫీసరు వచ్చాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. ఇంకో డిపోలో ఒక్క బస్తా తేడా వచ్చిందని గుమాస్తాను ఆ పూటకే ఇంటికి పంపిన ఘనుడు. ప్లాట్‌ఫారం మీద పేరుకున్న బస్తాలు చూశాడు, బల్ల చూశాడు, శేషన్నను పక్కకు పిలిచాడు.

"సరుకు ఈ బల్ల తాకకుండా, రైలు నుంచి నేరుగా గదులకు పోవాలి. సూపరింటెండెంటు ఊళ్లో ఉన్నా లేకపోయినా ఆగకూడదు. ఎలా పోవాలో ఒక్క కాగితం మీద రాసివ్వండి. లారీ వాడైనా, బండి వాడైనా, నెత్తిన మోసేవాడైనా అదే కాగితం. వాడికో రూలు, వీడికో రూలు వద్దు."

శేషన్న ఆ పనిని పూజలా మొదలుపెట్టాడు. కోపం మనిషి చేత గట్టిగా రాయిస్తుందంటారు గానీ, ఆయన చేతిరాత అంత కుదురుగా మునుపెన్నడూ లేదు. రాసిందల్లా బండ్ల పెద్ద దాసన్నకు చదివి వినిపించేవాడు.

"చీటీలో నాలుగే మాటలుంటాయి దాసన్నా. యాడ నుంచి, యాడికి, ఎన్ని బస్తాలు, గదిలోకి పోతాండాయా గదిలోంచి వస్తాండాయా."

"సదివేదానికి మాకు సదువు యాడుండాదప్పా? ఎద్దుకు సూపించాల్నా?"

"గదికో రంగు. బస్తాకో గీత. లోపలికైతే బాణం ఇట్ల, బయటికైతే అట్ల."

"అట్లయితే ఎద్దు కూడా సదువుతాది," అన్నాడు దాసన్న. "మరి మేము దించుతా ఉన్నప్పుడే వంటామె వచ్చి చాటతో ఎత్తుకపోతే? అప్పుడు లెక్క తప్పేది మాది గదా?"

అది నిజమే. అందుకని ఎర్రగుడ్డ రూలు పుట్టింది. బండి వాడు గది ముందుకు రాగానే గడియకు ఎర్రగుడ్డ కడతాడు. అది ఉన్నంతసేపూ గది బండి వాడిదే. వంటామె గాని, సూపరింటెండెంటు గాని, దేవుడు గాని లోపల చెయ్యి పెట్టకూడదు. పని అయ్యాక గుడ్డ విప్పి, చీటీని రెండుగా చింపి, సగం డిపోకు పంపాలి. అప్పుడు గది మళ్లీ వంటామెది.

"గుడ్డ కట్టినోడు కట్టినట్టే తాగి పండుకుంటే?"

"పొద్దు గూకేలోపల గుడ్డ దిగకుంటే, పక్కింటోళ్లు డిపోకు మనిషిని పంపాల."

"నీకు బుర్ర ఉండాదప్పా," అన్నాడు దాసన్న. తాగేవాళ్ల విషయంలో ఆయనది అనుభవం.

అలా ఏడు రూలులు తయారయ్యాయి. ఎనిమిదోది కూడా శేషన్న మనసులో తయారుగానే ఉంది. సగం చీటీ తిరిగి రాగానే బోర్డు మీద ఆ గది అంకె చెరిపి కొత్తది రాయాలి. ఇన్నాళ్లూ ప్రతి బస్తా బల్ల ముందు నుంచి పోయింది కాబట్టి బోర్డు తప్పలేదు. ఇక సరుకు నేరుగా పోతుంది, గదులు వాటంతట అవి నిండుతాయి, ఖాళీ అవుతాయి. బోర్డుకు ఎవరూ చెప్పకపోతే అది నిన్నటి మాటే చెబుతూ ఉంటుంది. శేషన్న కలం సిరాలో ముంచాడు, చాలాసేపు పట్టుకున్నాడు, తుడిచి పక్కన పెట్టాడు. ఎనిమిదోది రాయలేదు.

ఆఫీసరు సంతకం పెట్టాడు. తిమ్మయ్య ఆ కాగితం చివర కూడా చూడలేదు.

"ఏమ్రా శేషా, గుడ్డపీలికలతో డిపో నడుపుతావంట?" అని నవ్వాడు. సగం చీటీలు వచ్చి మేకుకు గుచ్చుకుంటూ ఉంటే వాటిని కన్నెత్తి చూడలేదు. "నా బల్ల మీదికి రాని కాగితం నాకు కాగితమే కాదు పో," అన్నాడు.

శేషన్న తల వంచుకున్నాడు. లోపల మాత్రం బెల్లం తిన్నంత తియ్యగా ఉంది.

పద్ధతి మాత్రం ఎద్దు నడకలా నిలకడగా నడిచింది. మూడు రోజులు పట్టే సరుకు పూటలో గదికి చేరేది. ఏ కేంద్రంలోనూ మళ్లీ పొయ్యి ఆరలేదు. జనం శేషన్నకు దండం పెడితే ఆయనకు సిగ్గేసేది. మనసంతా బోర్డు మీదే. నాలుగో గది ఎదురుగా 'నలభై' అని ఉంది. ఆ ఊళ్లో గంజి కేంద్రం ఇంకా తెరవలేదు, అది నిల్వకు పెట్టిన సరుకు. ఆ నలభై బస్తాలనూ శేషన్నే నాలుగు చీటీలు రాసి వేరే గదులకు తోలించాడు. గది ఊడ్చినట్టుంది. బోర్డు మీద నలభై నలభైగానే ఉంది. జూన్ మూడున ఆఫీసరు మళ్లీ వస్తున్నాడని ఉత్తరం అందింది. ఆ రాత్రి శేషన్న ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయాడు.

రెండో తేదీ మధ్యాహ్నం ప్రేమమ్మ వచ్చింది. రోడ్డు పని కూలీలకు గంజి కాచే మనిషి ఆమె. మాట కటువు, గరిటె ధారాళం.

"శేషప్పా, సూపరింటెండెంటు కబురు పంపినాడు. రేపు పొద్దున్నే నా జనాన్నంతా నాలుగో గది ఊరికి తోలకపోవాలంట. ఆఫీసరు దొర ఎదురుగా ఆడ కొత్త కేంద్రం తెరుస్తాడంట. మూడొందల మంది, చంటిపిల్లోళ్లు. ఎనిమిది మైళ్లు. ఆడ గింజలుండాయి గదా?"

శేషన్న బోర్డు వైపు చూశాడు.

"నిన్నే అడుగుతాండా. ఉండాయా లేవా?"

"బోర్డు మీద ఉండాయి," అన్నాడు శేషన్న.

"బోర్డును వండి పెట్టమంటావా?" అని ఆమె వెళ్లిపోయింది.

రోహిణి కార్తె ఎండ. నేల మీద అడుగేస్తే నిప్పుల మీద నడిచినట్టుంది. మూడొందల మంది ఎనిమిది మైళ్లు నడిచి పోతారు, తలుపు తీస్తారు, లోపల ఎలుక కూడా ఉండదు. ఆఫీసరు కళ్లెర్ర చేస్తాడు, తిమ్మయ్య కుర్చీ దిగుతాడు. అప్పటికి ఆ వాకిట్లో ఎందరు కూలుతారో! శేషన్న లేచి తిమ్మయ్య బల్ల దాకా పోయాడు.

"అయ్యా, నాలుగో గది ఒకసారి తలుపు తీసి చూస్తే..."

"ఏంటికి? పీలికలు కట్టినానని గదులు కూడా నీవే అనుకుంటాండావా? ఆడ ఉండాది సూడు, నలభై. పోయి నీ చీటీలు చింపుకో పో."

మాట చెవిన పడగానే శేషన్న ఒళ్లు మళ్లీ మండింది. వీడికి నిజం చెప్పి వీడిని కాపాడడమా? ఛీ.

అప్పుడే గూడ్సు పెట్టెలో సరుకొచ్చింది. శేషన్న చీటీ తీసుకున్నాడు. రైలు నుంచి, నాలుగో గదికి, లోపలికి బాణం. గీతలు గీయడం మొదలుపెట్టాడు. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. అక్కడ ఆగాడు. జనానికి ముప్పై తొమ్మిది బస్తాలు పది రోజులకు పైగా సరిపోతాయి. ఆఫీసరుకు ఒక్క బస్తా తేడా చాలు. కడుపులూ నిండుతాయి, కుర్చీ కూడా కదులుతుంది. ఆ తెలివికి తనే మురిసిపోయి, చీటీ దాసన్న చేతిలో పెట్టాడు.

"ముప్పై తొమ్మిది. ఒక్కటి ఎక్కువ వద్దు, ఒక్కటి తక్కువ వద్దు."

"చీటీలో ఉన్నదే చేస్తాము లేప్పా. నీ రూలే గదా," అన్నాడు దాసన్న.

మర్నాడు ఆఫీసరు, తిమ్మయ్య జట్కాలో, శేషన్న వెనక నడిచి నాలుగో గది ఊరికి చేరేసరికి గది ముందు జనం నీడ వెతుక్కుంటూ కూర్చున్నారు. గడియకు గుడ్డ లేదు. పని పూర్తయిందన్నమాట.

"ఇందులో ఎన్ని?" అన్నాడు ఆఫీసరు.

"నలభై," అన్నాడు తిమ్మయ్య, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ.

ఆఫీసరు లోపలికి పోయి ఒక్కో బస్తాను వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. శేషన్న గోడకు ఆనుకుని తనూ లోలోపల లెక్కపెట్టాడు. అక్క పోయిన నాటి నుంచి ఆయన ఎదురుచూసిన క్షణం అది. ముప్పై ఏడు. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. ఆఫీసరు తలుపు చాటుకు వంగాడు.

"నలభై. సరిగ్గా ఉంది."

బయటికి వచ్చి తిమ్మయ్య భుజం తట్టాడు. కుర్చీలో కూర్చుని ఎనిమిది మైళ్ల అవతలి బస్తా లెక్క చెప్పడం అంటే మాటలు కాదన్నాడు. తిమ్మయ్య గడ్డం ఆకాశానికి లేచింది.

శేషన్న నేరుగా పొయ్యి దగ్గర వంగి ఉన్న ప్రేమమ్మ దగ్గరికి పోయాడు. "తలుపు చాటు బస్తా ఎవరిది?"

"నాదే. నిన్న నీ మొగం సూస్తే నాకు నమ్మకం కలగల్యా. ఆడ ఏమీ లేకున్నా ఒక పూటకైనా అవుతాదని, నా పాత కేంద్రంలో మిగిలినది దాసన్న బండి మీద వేయించినా."

"చీటీ లేకుండా ఎట్ల వేసినాడు?"

"వెయ్యనన్నాడు. రూలంట. ఆడదాన్ని, మీద కూర్చునే వస్తా, సామాను కాదు, నా కూర్చునే పీటనుకో అన్నా. ఏం, తప్పా?"

శేషన్నకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు కారాయి. ఆమె పొగ అనుకుని పక్కకు జరగమంది.

పంక్తి మొదలైంది. పిల్లలు లోటాల అడుగు వేళ్లతో తుడుచుకుంటున్నారు. ఎవరూ కూలలేదు. ఆఫీసరు జట్కా ఎక్కబోతూ శేషన్నను చూసి ఆగాడు. "మీ పద్ధతి బాగుంది. రూలుల్లో ఇంకేమైనా చేర్చాలా?"

శేషన్న ఒక్క క్షణం ఆలోచించాడు. సగం చీటీ చూసి ఏ గుమాస్తా అయినా బోర్డు మీద అంకె మార్చవచ్చు. అంతకంటే తేలికైన ఏర్పాటు లేదు. ఆ సంగతి ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు.

"ఒకటుందండీ," అని, జట్కా చక్రం మీద కాగితం పెట్టి రాశాడు. "ఎర్రగుడ్డ దిగిన ప్రతిసారీ సూపరింటెండెంటు స్వయంగా ఆ గదికి పోయి, తలుపు తీయించి, కళ్లతో చూసిన తర్వాతే బోర్డు మీద పాత అంకె చెరిపి కొత్తది రాయాలి. చూడని అంకె ఎవరికీ చెప్పరాదు."

ఆఫీసరు చదివాడు. "ఇంత శ్రద్ధ గల మనిషికి ఇది భారం కాదులే," అని తిమ్మయ్య వైపు మెచ్చుకోలుగా చూస్తూ సంతకం చేశాడు. జట్కా మీద ఉన్న తిమ్మయ్య ముఖం చూడడానికి శేషన్న కావాలనే అటువైపు నుంచి నడిచాడు.

తొమ్మిది గదులు. రోజుకు మూడు నాలుగు గుడ్డలు దిగేవి. జట్కాకు సంఘం ఖర్చు ఇవ్వదు. తిమ్మయ్య నడిచాడు. పక్కన సాక్షిగా, మేకుకున్న సగం చీటీలు పట్టుకుని శేషన్న నడిచాడు. మొదటి వారం తిమ్మయ్య తిట్టాడు, రెండో వారం బతిమాలాడు, మూడో వారానికి మాట మానేశాడు. చెప్పు తెగింది. మడమ పగిలింది. శేషన్న అడుగు కూడా తగ్గించలేదు.

జూన్ చివర ఒక సాయంత్రం నాలుగో గదిలో బస్తాలు చూసి బయటికి రాబోతూ తిమ్మయ్య గడప మీదే కూలబడ్డాడు.

"ఒక మాట చెప్పు శేషా. ఈ రూలు నన్ను చంపేదానికే రాసినావు గదా?"

"అవునయ్యా."

తిమ్మయ్య తలూపాడు. ఎందుకని అడగలేదు. ఆయనకు తెలుసో తెలియదో శేషన్నకు అర్థం కాలేదు.

ప్రేమమ్మ లోటాలో గంజి తెచ్చిచ్చింది. ఆయన తాగి, అక్కడే బస్తాలకు తల ఆన్చి, నోరు తెరిచి నిద్రపోయాడు. కాళ్లు గడప మీద ఉన్నాయి. వేళ్ల సందుల్లో రక్తం ఎండి ఉంది.

"లేపు," అన్నాడు శేషన్న. "చీకటి పడేలోపల ఇంకో గది ఉండాది."

"రేపు సూసుకోండి."

"రూలు..."

"నీ రూలులో గుడ్డ కట్టినంతసేపు గది ఎవరిదప్పా? బండోడిది. ఇప్పుడు గుడ్డ లేదు. గది నాది."

ఆమె ఆయన పాదాలు రెండూ ఒక్కొక్కటిగా ఎత్తి లోపలికి జరిపింది, పసిబిడ్డ కాళ్లు సర్దినట్టు. శేషన్న చూస్తూ నిలబడ్డాడు. తిమ్మయ్య మీది కోపం అలాగే ఉంది, ఒక్క రవ్వ తగ్గలేదు. ఆ తలుపు కింద నేల గీరుకుని కీచుమంటుందని ఆయనకు తెలుసు. ఆ చప్పుడుకు వాడు ఉలిక్కిపడి లేస్తే బాగుండుననుకున్నాడు. ప్రేమమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని, రెండు చేతులతో తలుపును కొంచెం పైకెత్తి, చప్పుడు కాకుండా మెల్లగా దగ్గరికి వేసింది.