కూరకి తీసిన సముద్రం

ఈ ఉదయం బంగాళాఖాతం మొత్తం జాలారిపేట ఇసుక మీద కుప్ప పోసి ఉంది. రెండంతస్తుల ఎత్తున, నీలంగా, నెమ్మదిగా ఊపిరి పీలుస్తోంది. ఈ రేవులో ఇరవై రెండేళ్లుగా చేపల వేలంపాట పాడేది చోడిపల్లి పోలమ్మే. దీన్నీ ఆమే పాడుతుంది.

కొనడానికి ఇద్దరే వచ్చారు. తూర్పు అగ్రరాజ్యం అడ్మిరల్ ఒకరు, పడమటి అగ్రరాజ్యం అడ్మిరల్ ఒకరు. తెల్ల బూట్లకి ఇసుక అంటకుండా కుర్చీల మీద నిలబడ్డారు.

కుప్ప నట్టనడుమ పోలమ్మ మొగుడు ఎల్లాజీ పడవ వేలెడంత కనిపిస్తోంది. అతనూ, నలుగురు కలాసీలూ నిన్న వేటకెళ్లారు. పాట ఎవరికి దక్కితే వాళ్లు పడవతో సహా కుప్పని పట్టుకుపోతారు. ఎవరికీ దక్కకపోతే అందులోనే యుద్ధం చేసుకుంటారు.

"కానీండి బాబూ," అంటుంది పోలమ్మ. "డబ్బొద్దు. మీకు ముద్దైంది ఎట్టండి."

తూర్పాయన నాలుగు జలాంతర్గాములు పెడతాడు. అవి కుప్పలోకి జారి పడవ చుట్టూ తిరుగుతాయి. పడమటాయన ఆరు పెడతాడు. తూర్పాయన ఒక విమాన వాహక నౌక. నీళ్లకి చోటు తగ్గిపోతోంది. పడవ ఓ పక్కకి వాలుతుంది.

"ఈ సంద్రం మీకేటికి బాబూ?"

"నాకక్కర్లేదు. అతనికి దక్కకూడదు."

"మరి తవరికో?"

"అంతే."

పడమటాయన దగ్గర ఓడలు అయిపోతాయి. తన దేశపు నిద్రని పెడతాడు. ఎక్కడో ఖండం నిండా కళ్లు తెరుచుకుంటాయి. తూర్పాయన కూడా తన దేశపు నిద్రని పెట్టి, పైన పసిపిల్లల నిద్ర చేరుస్తాడు. నడుమనున్న చిన్న దేశాల నిద్రని ఎవరూ అడగరు. అది దానంతటదే పాటలో కలిసిపోతుంది.

"ఒకటోసారి," అంటుంది పోలమ్మ. "రెండోసారి."

ఇద్దరి చేతులూ ఒక్కసారే లేస్తాయి. జలాంతర్గాములు ఎదురెదురుగా ముక్కులు తిప్పుతాయి. మధ్యలో ఎల్లాజీ.

"మూడోసారి అను!" అంటారు ఇద్దరూ.

"అంతాను. ముందల కూరకి తియ్యాల."

"అంటే?"

"ఏ కుప్పైనా అమ్మకముందు ఏటకెల్లినోలింటికి కూరకి తీస్తారు. అది పాటలోకి రాదు. ఎంత పెద్ద సావుకారైనా దానిమీద సెయ్యెయ్యడు."

అడ్మిరళ్లు ఒప్పందాల కాగితాలు తిరగేస్తారు. కూర మాట ఎక్కడా లేదు.

"ఎంత?"

"ఓ తట్టెడు."

"తట్టెడేనా!" ఇద్దరూ నవ్వి తలలూపుతారు. వాళ్లు కలిసి ఒప్పుకున్న మొదటి సంగతి ఇదే.

పోలమ్మ భుజాల దాకా చేతులు ముంచి నడుమనించి తట్టెడు సముద్రం తీస్తుంది. తట్ట కారదు. అందులో పడవ నిటారుగా తేలుతుంది.

"ఇంత ఆలీసవేటే?" అని అరుస్తాడు ఎల్లాజీ.

"నీ మొకం! సుక్కాని సూసుకో."

తట్ట నెత్తిన పెట్టుకుని ఆమె గట్టెక్కుతుంది. మూడోసారి అనాల్సిన నోరు వెళ్లిపోయింది కాబట్టి వెనక ఆ రెండు చేతులూ గాల్లోనే ఉన్నాయి. ఎవరి చెయ్యీ యుద్ధం మీట మీదికి పోదు.

అడుగడుగుకీ పడవ పెరుగుతోంది. సందు మలుపుకి వచ్చేసరికి అసలు పొడవంత అయింది. బరువు మాత్రం తట్టెడే. కరెంటు తీగలు తగలకుండా పోలమ్మ కాస్త వంగుతుంది. కలాసీలు దిగి ఎవరి గుమ్మాల్లోకి వాళ్లు వెళ్తున్నారు.

పడవలెక్కడుంటే అక్కడే తన పని కాబట్టి దీపస్తంభం కొండ దిగి వచ్చింది. కుచ్చిళ్లు ఎత్తిపట్టిన కొత్త కోడలిలా సందులో ఆమె వెనకే నడుస్తూ, పట్టపగలు, ఆమె వెయ్యబోయే అడుగు మీద వెలుగు వేస్తోంది.