మొద్దు నడక

హాలు తుడిచేటప్పుడు ఆమె వెనక్కి వెనక్కి నడుస్తుంది. తడిగుడ్డ ముందు, తను వెనక, గుమ్మం దాకా. తుడిచినచోట మళ్ళీ తన అడుగు పడకూడదు. ఆరాక పొడిగుడ్డతో ఇంకోసారి తుడవాలి, ఆపైన సీసాలోని మెరుగునూనె కాస్త చల్లి మోకాళ్ళ మీద కూర్చుని రుద్దాలి. అత్తగారు కుర్చీలోంచి తల వంచి చూస్తారు. కిటికీలోంచి పడే వెలుగు నేలమీద చెదరకుండా కనిపించిందా, సరే. లేకపోతే, "ఏమ్మా, ఇవాళ నీ చేతులు ఇంకా నిద్ర లేవలేదా?" అంటారు. నవ్వుతూనే అంటారు. ఆ ఇంట్లో ఆమెని ఎవరూ కోప్పడరు. నవ్వుతూ అనేస్తారు, అంతే.

ఆ ఉదయం అలా గుమ్మం దాకా వచ్చి తలెత్తేసరికి, వంటింట్లోంచి కుక్కపిల్ల పరుగెత్తుకొస్తోంది. మామూలుగా రావడం లేదు. వెనక కాళ్ళు రెండూ ఒకేసారి ఎత్తి కుందేలులా గెంతుతోంది. హాలు మధ్యకి రాగానే దాని నడుము ఒక పక్కకి జారిపోయింది. చతికిలపడింది. లేవబోయి మళ్ళీ కూలబడింది. మూడోసారికి ఎలాగో లేచి, ఏమీ జరగనట్టు తోకాడించింది.

ఆమె ముందు చూసింది కుక్కపిల్ల వైపు కాదు, భర్త వైపు. ఆయన పేపర్లో తలదూర్చి ఉన్నారు. చూడలేదు. గబగబా వెళ్ళి దాన్ని చంకనెత్తుకుని వంటింట్లోకి తీసుకుపోయింది.

కుక్కపిల్లని తెచ్చింది ఆయనే. చెవులు వేలాడే పెద్దజాతి. కాగితాలున్న కుక్కట, దాని తాతముత్తాతల పేర్లన్నీ రాసి ఉన్నాయట. దానికి నోరు తిరగని దొరల పేరొకటి పెట్టారు. తిన్నచోటే నిద్రపోయే ఆ పిల్లని చూసి ఆమె "మొద్దూ" అని పిలిచింది. అది ఆ పిలుపుకే పలికింది. "తెచ్చి తెచ్చి ఆడదాన్నే తెచ్చావట్రా?" అన్నారు అత్తగారు. "మగవి అయిపోయాయమ్మా. అయినా మనకేం నష్టం లేదు, ఆరు నెలల లోపు ఏ లోపం బయటపడినా మార్చిస్తానన్నాడు అమ్మినవాడు," అన్నారాయన. కొత్త మిక్సీ తెచ్చినప్పుడు కూడా ఇదే ధైర్యంతో అట్టపెట్టె విప్పారు.

కుక్కని పెంచడం ఆయన సరదా. పెంటలెత్తడం, అది కొరికిన చెప్పులు దాచడం, తిండి పెట్టడం, బయట తిప్పడం ఆమె పని. ఆ పని కూడా తన నెత్తిన పడిందని మొదటి వారం ఆమె లోలోపల తిట్టుకుంది. తర్వాత ఎప్పుడు మారిందో తెలియదు. తను పనిచేసే ఇస్త్రీ హాలు నుంచి సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తీయగానే, ఆమె వచ్చినందుకు ఆనందపడే ప్రాణి ఒకటి ఆ ఇంట్లో కనిపించింది. కాఫీ కోసం కాదు, వంట కోసం కాదు, ఊరికే ఆమె వచ్చినందుకు. అలా ఎవరైనా తనకోసం ఎదురుచూసి ఎన్నేళ్ళయిందో గుర్తుచేసుకోబోయి, గుర్తు రాక ఊరుకుంది.

గడువు దగ్గరపడుతోంది. "వచ్చే ఆదివారం అమ్మినవాడి దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళి నడిపించి చూద్దాం. తేడా ఉంటే అక్కడే మార్చుకొచ్చేస్తాను," అన్నారాయన అన్నం తింటూ.

"లోపం ఉన్నదాన్ని వాళ్ళేం చేస్తారు?" అని అడిగింది ఆమె.

"అదంతా మనకెందుకే? పచ్చడి ఇటు వెయ్యి."

ఆ రోజు నుంచి ఆమె మొద్దు నడకని దాచడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరూ లేవకముందే బయట తిప్పి తెచ్చేది. మెట్ల దగ్గర ఎత్తుకునేది. పెద్దజాతి పిల్ల, అప్పటికే మూటంత బరువు. దాన్ని ఎత్తుకుని మెట్లు దిగుతుంటే ఆమె కుడి తుంటిలో కలుక్కుమనేది. ఆయన హాల్లో ఉన్నంతసేపూ దాన్ని వంటింట్లోనే కట్టేసేది. "ఎప్పుడూ నీ కొంగుకే కట్టుకుంటావేం దాన్ని?" అంటే, "పడుకుందండీ," అనేది. అబద్ధం ఆడుతున్నట్టు కూడా అనిపించలేదు. దాచడం ఆమెకి అలవాటైన విద్యే. పెళ్ళిచూపులకి తన పుట్టింటికొచ్చినప్పుడు అత్తగారు మంచినీళ్ళడిగారు. తెచ్చిస్తే ఒక గుక్క తాగి, ఇంకొంచెం చల్లగా ఉంటే బాగుండునన్నారు. అవీ తెచ్చాక, మీ అమ్మకి కూడా తెచ్చివ్వమ్మా అన్నారు. ఆ మూడోసారికి అర్థమైంది, ఆవిడది దాహం కాదు, తన నడక చూస్తున్నారని. నడుం నిటారుగా పెట్టి నడిచింది. ఇప్పటికీ ఎంత నొప్పిగా ఉన్నా అత్తగారి ముందు నుంచి వెళ్ళేటప్పుడు అలాగే నడుస్తుంది. గుమ్మం దాటాక కుంటుతుంది.

రాత్రిళ్ళు ఆ పిల్ల పక్కన చేరి తుంటి తడిమేది. ఎముక ఎక్కడ, కీలు ఎక్కడ, ఏమీ తెలిసేది కాదు. నొప్పి ఉంటే మూలుగుతుంది కదా అనుకునేది. వెంటనే, నొప్పి ఉన్నా తను మూలుగుతోందా ఏమిటి అనిపించేది.

ఇస్త్రీ హాల్లో పక్క బల్ల మనిషికి ఒక్కదానికే ఈ సంగతి చెప్పింది. ఇద్దరూ పదేళ్ళుగా ఒకే ఆవిరిలో నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నవాళ్ళు. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "మా చెల్లి వాళ్ళ కుక్కకీ ఇదే అక్కా. పెద్దజాతే. చిన్నప్పుడు కుందేలులా గెంతుతుంటే ముద్దుగా ఉందని నవ్వుకున్నారు. రెండేళ్ళు నిండేసరికి లేవలేకపోయింది," అంది.

"ఇంక చెప్పకే."

"చెప్పాల్సిందేగా. ముందే చూపిస్తే ఏదో ఒకటి చేసేవాళ్ళమని డాక్టరు అన్నాడట. నువ్విలా దాచిపెట్టి దాన్ని కాపాడుతున్నావా, ముంచుతున్నావా?"

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. చూపిస్తే లోపం ఉందని తేలుతుందేమో, తేలితే ఆయన మార్చేస్తారేమో అని ఒక భయం. చూపించకపోతే అది నడవలేకపోతుందేమో అని ఇంకో భయం. ఆ సాయంత్రం దాకా చొక్కా మీద చొక్కా రుద్దుతూ రెండు భయాలనీ అటూ ఇటూ తూచింది. మొదటి భయం తన కోసం. రెండోది మొద్దు కోసం. అలా విడదీసి చూశాక ఇంక తూచడానికి ఏమీ మిగల్లేదు. జంతువుల ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఎక్స్‌రే ఫోటో తీయాలంటే మత్తివ్వాలి, పొద్దున్నే ఏమీ పెట్టకుండా తీసుకురండి అన్నారు.

సెలవు అడిగితే సూపర్‌వైజరు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. "కుక్కకి బాగాలేదని సెలవా? నీకు జ్వరమొస్తేనే ఏనాడూ అడగలేదు కదమ్మా."

"అవునండీ, అడగలేదు," అంది ఆమె. అతను వెక్కిరించబోయి అన్న మాటే గానీ, అందులో నిజం ఉంది. బస్సులో మొద్దుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా ఆ నిజం ఆమెని వదల్లేదు.

డాక్టరమ్మ చిన్నదే, ముప్పై దాటి ఉండవు. మొద్దుని బల్ల మీద పెట్టి నొక్కి చూడబోయే ముందు, నేల మీద కూర్చుని దానితో కాసేపు ఆడింది. "వరండాలో అటు చివరిదాకా నడిపించి తీసుకురండమ్మా. వెనక నుంచి చూస్తాను," అంది.

ఆమె గొలుసు పట్టుకుని నడిచింది. నడుం దానంతటదే నిటారుగా అయింది. చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి డాక్టరమ్మ తల పక్కకి వంచి చూస్తోంది.

"కుక్కని చూడమంటే మీరే కనిపిస్తున్నారమ్మా. కుడి తుంటి నొప్పా?"

"అబ్బే, ఏం లేదండీ."

"ఎన్నాళ్ళుగా?"

ఎన్నాళ్ళుగా అని ఇదివరకు ఆమెని ఎవరూ అడగలేదు. అందుకే లెక్క కూడా తెలియదు. "చాలా ఏళ్ళుగానే," అంది చివరికి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తనకే సిగ్గేసింది. డాక్టరమ్మ అది చూడనట్టే, "నేను మనుషుల డాక్టర్ని కాదు. కానీ చూపించుకోండి. ముందు దీని సంగతి చూద్దాం," అంది.

మత్తిచ్చారు. మొద్దు నాలుక బయటికి వేలాడేసి పడుకుంది. లోపలికి తీసుకెళ్ళి తలుపేశారు. ఆమె బయట బల్ల మీద కూర్చుంది. పక్కన ఎవరిదో పిల్లి బుట్టలోంచి ఆగకుండా అరుస్తోంది. ఆమెకి ఆ అరుపే బాగుంది, తన బదులు ఎవరో ఒకరు అరుస్తున్నారు. లోపం ఉందంటే ఏం చేయాలి? దాన్ని తీసుకుని ఎక్కడికి పోవాలి? చెల్లెలింటికా? చెల్లెలికే చోటు లేదు. పుట్టిన దగ్గర్నుంచి ఎవరో ఒకరి ఇంట్లోనే బతికిన మనిషి, కుక్కని పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కుతుంది?

తలుపు తెరుచుకుంది. "రండమ్మా, చూడండి."

వెలుగుతున్న తెర మీద తెల్లటి ఎముకలు. డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. "ఇది తొడ ఎముక తల, బంతిలా ఉంది చూశారా? ఇది అది కూర్చునే గుంత. రెండు పక్కలా లోతుగా, చక్కగా కూర్చుంది. వదులు లేదు. దీనికి రెండేళ్ళు నిండాక ఇంకోసారి తీసి చూద్దాం. ఇప్పటికైతే మీ పిల్ల తుంటికి ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

"మరి ఆ గెంతడం, ఆ పడిపోవడం?"

"బరువెక్కువుంది, గోళ్ళు పెరిగిపోయాయి. తిండిలో ఏమైనా పొడులు కలుపుతున్నారా?"

"ఎముకలు తొందరగా పెరగాలని మా ఆయన కాల్షియం పొడి తెచ్చారండీ. రోజూ రెండు చెంచాలు వెయ్యమన్నారు."

"ఇవాళే ఆపేయండి. పెద్దజాతి పిల్లలకి అది ఎక్కువైతేనే ఎముకలు పాడవుతాయి. ఇంట్లో నేల ఎలా ఉంటుంది?"

"మెరుస్తుందండీ. రోజూ మెరుగునూనె పెట్టి రుద్దుతాను."

"అదీ సంగతి! మంచు మీద పిల్లని వదిలినట్టుంది. కాళ్ళకి పట్టు దొరక్క రెండూ కలిపి గెంతుతోంది. ఆ రుద్దడం మానేయండి, గరుకు పట్టాలు పరవండి. ఆ మెరుగు ఎవరి కోసం పెడుతున్నారు?"

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఇంకా ఎక్కువైంది. మోకాళ్ళు పట్టేసేలా పాతికేళ్ళు రుద్దిన నేల, ఎవరి కోసమో ఒక్కసారీ అడగని నేల. ఇవాళ డాక్టరే మానేయమంటున్నారు! బల్ల అంచు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. లోపలెక్కడో ఇన్నాళ్ళుగా బిగబట్టి ఉన్నదేదో వదులై, ఊపిరి పొట్టదాకా దిగింది. కింద పట్టా మీద మత్తులో ఉన్న మొద్దు తల ఒళ్ళోకి తీసుకుని నేల మీదే కూర్చుంది. దాని గుండె నెమ్మదిగా, నమ్మకంగా కొట్టుకుంటోంది. "నీకేం లేదటే మొద్దూ," అని దాని చెవిలో చెప్పింది. తనకీ ఇలాంటి ఫోటో ఒకటి తీయించుకోవాలి. వచ్చే వారమే ఇంకో సెలవు అడగాలి. సూపర్‌వైజరు ఏమంటాడో విందాం.

అప్పుడొచ్చారు ఆయన. ఇంట్లో కోడలూ లేదు, కుక్కా లేదని అత్తగారు ఫోన్ చేస్తే, ఇస్త్రీ హాల్లో అడిగి ఇక్కడికొచ్చినట్టున్నారు.

"ఎవర్నడిగి తీసుకొచ్చావు?" అని, జవాబు కోసం ఆగకుండా డాక్టరమ్మ వైపు తిరిగారు. "ఒక్క మాటలో చెప్పండి డాక్టర్. దీనికి లోపం ఉందా, లేదా?"

"లేదండి."

"ముందు ముందు రాదని రాసిస్తారా?"

"ఎవరికీ రాసివ్వలేనండీ. మీ తుంటికైనా రాసివ్వలేను."

ఆయన తలూపారు. "అయితే అనుమానం ఉన్నట్టే కదా. ఎందుకొచ్చిన గొడవ, గడువుండగానే మార్చేయడం నయం. ఈసారి మగదాన్నే తీసుకుంటా."

ఆమె చెయ్యి మొద్దు మెడ మీద ఆగిపోయింది. లోపం లేకపోయినా సరే! ఇన్ని రోజులూ తను భయపడింది ఒక ఎముక గురించి. అసలు సంగతి ఎముకలో లేదు.

డాక్టరమ్మ కాగితాలు సర్దుతూ ఇద్దరి వైపూ చూసింది. "ఇంతకీ ఈ కుక్క ఎవరిది?"

"నాది," అని వినిపించింది. అన్నది తనేనని ఆమెకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. ఆ మాటతో ఆమెకి ఎప్పుడూ పనిపడలేదు. ఇల్లు ఆయనది, హాలు అత్తగారిది, మిగిలినదంతా మనది. గిన్నెలు తోమేటప్పుడు మాత్రం వంటిల్లు ఆమెది.

"నీదేంటే? తెచ్చింది నేను కదా!"

"తెచ్చింది మీరే. ఇది నాది. ఆదివారం ఎక్కడికీ రాదు."

గొంతు పెంచలేదు. గొంతు పెంచి ఉంటే ఆయనకి ఏం చేయాలో తెలిసేది. డాక్టరమ్మని చూశారు, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న భార్యని చూశారు. "సరే, లే మరి. అమ్మ ఆకలంటోంది, ఇంకా వంట కాలేదు," అన్నారు.

"మత్తు దిగేదాకా దీన్ని కదపకూడదట. లేచి నడిచాక ఇద్దరం వస్తాం. ఈ పూటకి మీరూ అత్తయ్యా ఏదో ఒకటి చూసుకోండి." ఆమె తలెత్తలేదు. మొద్దు ఒంటి మీద కొంగు కప్పుతోంది. "వెళ్తూ ఆ తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి. దీనికి చల్లగాలి తగలకూడదు."

ఆయన బయటికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేశారు.