డ్రైవరు బాబాయి దాహం

స్టాపులో జనం ఎక్కుతున్నంత సేపట్లోనే డ్రైవరు బాబాయి సీసా మూత తిప్పి గొంతులో నీళ్ళు పోసుకున్నాడు. గుటకలు దిగుతున్నాయి గాని, దాహం మాత్రం కాలిన పెనం మీద చిలకరించినట్టు ఎక్కడికక్కడే ఉంది. వెనక నుంచి కండక్టరమ్మాయి ఈల ఊదింది. సీసా పక్కన పెట్టి, గేరు వేసి, అద్దంలో ఒకసారి చూసుకుని, అతను బస్సును మెల్లగా రోడ్డు మధ్యకు తెచ్చాడు.

మనిషి పొడుగు. మెడ మరీ పొడుగు. ఖాకీ చొక్కా కాలరు ఆ మెడ చుట్టూ ఎప్పుడూ వదులుగా, బావి చుట్టూ గట్టులా ఉండేది. ఏళ్ళ తరబడి చక్రం తిప్పీ తిప్పీ అరచేతుల్లో కాయలు నున్నగా మెరిసేవి. అతను బ్రేకు వేస్తే నిలబడ్డ ముసలమ్మలు కూడా తూలేవారు కాదు. 'బాబాయి బస్సులో నిండు గ్లాసు చేత్తో పట్టుకుని కూచోవచ్చు' అని ఆ దారిలో రోజూ వచ్చే కుట్టుమిషను ఆవిడ అనేది. అంతకు మించిన బిరుదు ఎవరూ ఇవ్వలేదు, అతనూ కోరుకోలేదు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ దాదాపు ఇదే దారి. పొద్దున్నే డిపో, తర్వాత బట్టల మిల్లు, వంతెన, కాలేజీ, చివర పెద్దాసుపత్రి. మళ్ళీ వెనక్కి.

చాన్నాళ్ళ క్రితమే అతనికి థైరాయిడ్ ఉందని తేలింది. అప్పటికే భార్యకుంది, ఆవిడ అక్కకుంది, చెల్లెలికుంది. "మీవాళ్ళని చేసుకున్నందుకు కట్నం కింద ఇదొక్కటీ ముట్టింది నాకు" అని అతను నవ్వేవాడు. పొద్దున లేవగానే మొగుడూ పెళ్ళాలు వంటింట్లో ఎదురెదురుగా నిలబడి చెరో మాత్ర వేసుకునేవారు. టీ తాగడానికి ఇంకా చాలా సేపు ఆగాలి గనుక, ఆ ఖాళీలో కిటికీ దగ్గర కూర్చుని ఊరి మీది కబుర్లన్నీ చెప్పుకునేవారు. కాపురంలో తగువులన్నీ ఆ ఖాళీలోనే తీరిపోయాయని ఆవిడ నమ్మకం.

ఈ దాహం మాత్రం కొత్తది. ఎండలు ముదిరాక వచ్చింది, ఎండలు పోయినా పోలేదు. తాగిన నీరు తాగినట్టే దిగిపోయేది. దారి పొడుగునా, మరుగుదొడ్డి ఉన్న చోటల్లా, అతనికి కొత్త చుట్టరికాలు కలిశాయి. పెట్రోలు బంకు కుర్రాళ్ళు, కలప అడితి కాపలా మనిషి, కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్. బస్సు ఆపి అతను దిగుతుంటే కండక్టరమ్మాయి జనానికి ఏదో ఒకటి చెప్పేది. "టైరు చూసుకుంటున్నాడు" అనేది. "రేడియేటరు వేడెక్కింది" అనేది. ఒకరోజు కుట్టుమిషను ఆవిడ ఊరుకోలేక, "రేడియేటరు ఎవరిదే, బస్సుదా బాబాయిదా?" అని అడిగేసరికి బస్సు బస్సంతా గొల్లుమంది. తిరిగొచ్చిన బాబాయి కూడా సంగతి తెలియకుండానే నవ్వాడు.

"ఇదంతా థైరాయిడే" అనేవాడు ఎవరడిగినా. నీరసం వచ్చినా థైరాయిడే, మలబద్ధకమొచ్చినా థైరాయిడే, మోకాళ్ళు లాగినా థైరాయిడే. ఆ మాట అతనికి గొడుగులా పనికొచ్చింది. గొడుగు కింద దాచిన భయం వేరే ఉంది. అతని అన్నకు షుగరు. మొదట దాహం వేసింది, తర్వాత కాలి మీద పుండు పడింది, ఆ తర్వాత కాలే పోయింది. అన్న మంచం మీద నుంచి దుప్పటి సర్దుకుంటుంటే ఒకవైపు చదునుగా పడి ఉండేది. అది కళ్ళలో మెదిలినప్పుడల్లా బాబాయి కాలు తనకు తెలియకుండానే బ్రేకును ఒకసారి తడిమి చూసుకునేది.

కండక్టరమ్మాయి పోరు పెట్టి పరీక్షకు రక్తం ఇప్పించింది. రిపోర్టులు వచ్చాయని ఆసుపత్రి నుంచి కబురు వచ్చి కూడా చాలా రోజులయింది. బస్సు రోజూ ఆ గేటు ముందే ఆగేది. బాబాయి రోజూ అటు చూసి, ఇటు తల తిప్పుకునేవాడు.

"ఇవాళైనా తెచ్చుకుందాం బాబాయ్."

"తెచ్చుకుందాంలే తల్లీ. కాయితం ఎక్కడికి పోద్ది?"

"కాయితం పోదు. నువ్వే పోయేలా ఉన్నావు. అద్దంలో చూసుకున్నావా మొహం?"

నిజానికి ఆ వారం అతను తెలివి తక్కువ పని ఒకటి చేశాడు. నీళ్ళు తాగకపోతే దిగే పని ఉండదుగా అని డ్యూటీలో నీళ్ళు మానేశాడు. పెదాలు పగిలాయి, నాలుక అట్ట కట్టింది. మధ్యాహ్నానికి తల దిమ్ముగా ఉండి, తెలిసిన మలుపు కూడా ఒక క్షణం కొత్తగా కనిపించింది. అదేం పోగాలమో, దిగే పని మాత్రం తప్పలేదు. దాంతో హడలిపోయి మళ్ళీ సీసా పట్టుకున్నాడు.

ఆ పొద్దున వంతెన మీద బళ్ళు ఆగిపోయాయి. ముందెక్కడో ఇసుక లారీ అడ్డం తిరిగిందట. బాబాయి చక్రం మీద వేళ్ళతో తాళం వేశాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు, తీశాడు. కింద ఏరు నిండుగా, తీరిగ్గా పారుతోంది. అటు చూడకుండా ఉండటానికి అతను చాలా కష్టపడ్డాడు.

"అమ్మాయ్," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఇక నా వల్ల కాదు."

వంతెన అవతల కలప అడితి కాపలా మనిషి గది ఉంది. ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, అతను ఆగిన బళ్ళ సందుల్లోంచి పొడుగాటి కాళ్ళతో పరుగు లాంటి నడక నడిచాడు. అతను గది లోపలుండగానే లారీ కదిలింది. ముందు బళ్ళు సాగిపోయాయి. వెనకవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు.

బయటికొచ్చి చూస్తే వంతెన మధ్యలో తన బస్సు ఒక్కటే నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో డ్రైవరు లేకుండా, నిండా మనుషులతో రోడ్డు నడుమ ఆగిన తన బస్సును అతను ఎప్పుడూ బయటి నుంచి చూడలేదు. అద్దం వెనక తన సీటు ఖాళీగా ఉంది. కుట్టుమిషను ఆవిడ కిందికి దిగి, చీర కొంగు బొడ్లో దోపుకుని, వెనక బళ్ళను పక్క నుంచి పొమ్మని చేతులూపుతోంది. చేతిపెట్టె పట్టుకున్న ఒకాయన కిటికీలోంచి అరుస్తున్నాడు.

"డ్రైవరంటే బాధ్యత ఉండొద్దా? పై వాళ్ళకి చెప్తాను!"

"చెప్పండి బాబూ," అంది కండక్టరమ్మాయి. "చెప్పేటప్పుడు, ఆయన బండి నడిపినన్నాళ్ళూ మీ పెట్టె ఒక్కసారైనా ఒళ్ళోంచి జారిందా, అది కూడా చెప్పండి."

బాబాయి ఎవరి మొహమూ చూడకుండా ఎక్కి కూర్చున్నాడు. పెట్టె ఆయన అన్నదాంట్లో తప్పేం లేదనిపించింది. అదే ఎక్కువ గుచ్చుకుంది. వంతెన దాటాక అద్దంలో కండక్టరమ్మాయి కళ్ళు వెతికి పట్టుకుని అన్నాడు.

"ఇవాళ తెచ్చుకుందాం."

పెద్దాసుపత్రి స్టాపులో వాళ్ళ డ్యూటీ అయిపోతుంది. అక్కడ మధ్యాహ్నం జట్టు బండిని తీసుకుంటుంది. రిలీఫు డ్రైవరు ఆ సరికే నిలబడి ఉన్నాడు. బాబాయి తాళం అతని చేతిలో పెట్టి, "క్లచ్ కొంచెం పైన పడుతోంది, చూసుకో" అన్నాడు. దిగి, అలవాటుగా బస్సు పక్కను అరచేత్తో ఒకసారి తట్టాడు. బస్సు వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. అయినా తొందరపడే రకం కాదు. కాగితాలన్నీ బల్ల మీద పరిచి చదివింది. బాబాయి కుర్చీ అంచున కూర్చుని సొంత మోకాలి వైపు చూస్తున్నాడు.

"మీకు షుగరు లేదండీ."

అతను విన్నాడు గాని నమ్మలేదు. "అసలు లేదా?"

"అసలు లేదు."

కండక్టరమ్మాయి చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. బాబాయి ఒక్కసారిగా కుర్చీలో వెనక్కి జారబడి, పొడుగాటి కాళ్ళు రెండూ ముందుకు చాపి వాటి వంక చూసుకున్నాడు.

"అయితే థైరాయిడేనండీ. నేను చెప్తూనే ఉన్నాను."

"అదీ కాదు. మాత్ర మోతాదు ఎక్కువైనా దాహం వేస్తుంది. మీది సరిగ్గానే ఉంది." ఆవిడ తన మెడ మీద వేలు పెట్టి చూపించింది. "థైరాయిడ్ ఇక్కడుంటుందా, దాని వెనక బియ్యపుగింజల్లాంటి గ్రంథులు నాలుగుంటాయి. పారాథైరాయిడ్ అంటారు."

"దాని పిల్లలా?"

"కాదండీ, పక్కింటివాళ్ళు. ఇంటిపేరు కలిసింది గాని చుట్టరికం లేదు. ఒంట్లో సున్నం, అదే కాల్షియం, లెక్క చూసుకోవడం వాటి పని. మీకు వాటిలో ఒకటి వాచి, బఠాణీగింజంత అయిందని నా అనుమానం. అది ఎముకల్లోంచి సున్నం లాగి రక్తంలో పోస్తోంది. ఆ సున్నాన్ని బయటికి తోయడానికి ఒళ్ళు నీళ్ళన్నీ ఖర్చు పెడుతోంది. అందుకే ఆ దాహం, ఆ తిరుగుడు. నీరసం, మలబద్ధకం, మోకాళ్ళు కూడా దాని పనే కావచ్చు."

బాబాయి మోకాలు తడుముకున్నాడు. "మా ఆవిడ మోకాళ్ళకని సున్నం బిళ్ళలు వేస్తోందండీ. పోయిన నెల నుంచి."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "పాపం, ప్రేమతోనే వేశారు. ఇవాళే మానెయ్యండి. నీళ్ళు మాత్రం మానకండి, తప్పు నీళ్ళది కాదు. స్కానింగు తీసి చూద్దాం. నేననుకున్నదే అయితే చిన్న ఆపరేషను. అందాకా బండి నడపొద్దు. తల దిమ్మెక్కుతోందన్నారుగా."

"అది నేను చెప్పలేదే!"

"నేను చెప్పాను" అంది కండక్టరమ్మాయి, గోడ మీది క్యాలెండరు చూస్తూ.

ఇంటికొచ్చి సంగతంతా చెప్పేసరికి భార్య సున్నం బిళ్ళల డబ్బా తీసుకుని వంటింట్లో అటూ ఇటూ తిరిగింది.

"నా చేత్తో నేనే వేశానుగా."

"మింగింది నేనేగా. అయినా షుగరు లేదంటే చెవిన పడలేదేంటే నీకు? టీలో ఇంకో చెంచా వెయ్యి."

ఆవిడ రెండు చెంచాలు వేసింది. సాయంత్రం అన్నయ్యను చూడ్డానికి వెళ్ళారు. బాబాయి చెప్పింది విని, అన్న దుప్పటి చదునుగా ఉన్న వైపు చేత్తో సర్దాడు. "మంచిదైంది రా" అన్నాడు. "మనిద్దరిలో ఒకడైనా బ్రేకు తొక్కగలగాలి."

స్కానింగులో బఠాణీగింజ కనిపించింది. ఆపరేషను జరిగింది. మర్నాడు మెలకువ వచ్చాక నర్సు నీళ్ళిస్తే అతను సగం గ్లాసు తాగి, ఇక చాలన్నాడు. ఆ మాట విని భార్య కళ్ళొత్తుకుంది. పొడుగాటి మెడ మీద సన్నటి గీత ఒకటి మిగిలింది. కాలరు దాన్ని ఎప్పుడూ దాచలేకపోయింది. అతనూ దాచాలనుకోలేదు.

సెలవు పొడిగించమన్నారు డాక్టర్లు. ఎముకలు కోలుకోవాలి. ఆ సెలవు సాగి సాగి పదవీ విరమణ తేదీని ముట్టుకుంది. తను మళ్ళీ ఆ సీట్లో కూర్చునేది లేదని బాబాయికి ఒక మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తుండగా తోచింది. క్లచ్ సంగతి చెప్పి తాళం ఇచ్చిన ఆ రోజే ఆఖరన్నమాట. దండలూ మాటలూ లేకుండా అయిపోయింది. మంచిదే అనుకున్నాడు. దండ పడితే తన మెడకు నప్పేది కాదు. ఇప్పుడతను రాత్రంతా నిద్రపోతున్నాడు. పొద్దున మాత్ర వేసుకుని, కిటికీ దగ్గర భార్యతో కూర్చుని, టీ వేళ అయినా లేవడం లేదు.

ఓ ఆదివారం కండక్టరమ్మాయి చూడ్డానికి వచ్చింది. కొత్త డ్రైవరు మంచివాడే గాని బ్రేకులు మొరటుగా వేస్తాడని, కుట్టుమిషను ఆవిడ అతనికి రోజూ పాఠాలు చెబుతోందని కబుర్లన్నీ చెప్పింది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగింది.

"నీ చెప్పులు బండిలోనే ఉన్నాయి బాబాయ్. బండి నడిపేటప్పుడు బూట్లు విప్పి వేసుకునేవాడివే, అవి. తెచ్చివ్వనా?"

"అతనికేమైనా అడ్డమా?"

"లేదు. వాటిని తీయకుండానే ఊడుస్తున్నారు."

"అయితే ఉండనీ తల్లీ."

డ్రైవరు సీటు కింద, ఇనప రేకు మీద, అవి పక్కపక్కనే ఉన్నాయి. ఎడమది క్లచ్ తొక్కిన చోట కాస్త అరిగింది, అంతే. కుడిది మాత్రం వేళ్ళ దగ్గర, ఇన్నేళ్ళు బ్రేకును మెల్లగా, మెల్లగా నొక్కిన చోట, అరిగి అరిగి కాగితంలా పలచబడింది.