చవిటినీటికి దారి

కాట్రేనికోన దిగువ పొలాల గట్టు మీద ఆ ఉదయం నిలబడినవారు ముగ్గురు. కాలువ నీరు ఎవరి చేనికి ముందు చేరుతుందో ఆ వరుసలోనే నిలబడ్డారు: మొదట ఎగువ రైతు సూర్యప్రకాశరావు గారు, తరువాత సైన్సు మాస్టారుగా పదవీ విరమణ చేసిన నతానియేలు గారు, చివర మురుగుకాలువను ఆనుకొన్న చిన్న పొలం చెక్క సాగుచేసే రాజ్యం.

అది 1978. కిందటేడు సముద్రపు పోటు మీదపడి నతానియేలు గారి చేను చవుడుబారింది. ఆయన తండ్రి పాలేరుగా దున్నిన నేల అది. ఆయన ఉద్యోగం చేసి దాన్ని కొన్నారు. మట్టిని పరీక్షకు పంపి, వచ్చిన సలహా ప్రకారం జిప్సం చల్లించి, గట్లు ఎత్తుచేయించి, నిండా మంచినీరు పెట్టించారాయన. బంకమట్టిని పట్టుకొన్న ఉప్పును జిప్సం విడదీస్తుంది, నీరు కడుగుతుంది. కడిగిన నీరు ఎటు పోవాలన్నది మాత్రం ఆయనకు తోచలేదు. రెండువైపులా మెరక కొబ్బరితోటలు, ఎగువన సూర్యప్రకాశరావు గారి చేను, దిగువన మురుగుకాలువకు అడ్డంగా రాజ్యం నారు పోసిన ఆకుమడి. నీరు ఇంకిపోతే ఉప్పు మళ్లీ మట్టిదే. నాట్ల అదును దాటిపోతున్నది.

“చేపలు ఊరేసినట్టు చేను ఊరేసేరేంటండి మాస్టారూ,” అన్నారు సూర్యప్రకాశరావు గారు.

ఆకుమడి అంచున సన్నని బోదెకాలువ తీసి బంకమట్టి మెత్తితే చుక్కయినా పక్కకు పోదని నతానియేలు గారు రాజ్యానికి వివరించారు. ఆమె ఓపికగా విన్నది.

“ఉప్పుకి మీ పాఠం తెలీదు కదండీ. నాకున్న నారంతా ఇదేనండి.”

ఆ తరువాత ఆయన రోజూ ఆ గట్టు మీదనే కూర్చునేవారు. తాను ఎత్తించిన గట్ల నడుమ తానే బందీ అయినట్టుండేది. ఒకనాడు, తన గట్టు వెంబడి రాజ్యం నారు కొసలు మాడి ఉండటం కంటబడింది. ఆమె ఇంకా చూడలేదు. చెబితే పొరుగువాళ్లిద్దరూ ఇక నీరే పెట్టవద్దంటారు. చేను ఇక ఎన్నటికీ చవుడే. చాలాసేపటికి లేచి, ఆమెను పిలిచారు.

“నీ నారు మాడుతున్నది రాజ్యమ్మా. నా గట్టు కింద నుంచి ఊట దిగుతున్నది.”

ఆమె గొంతుక్కూర్చుని, ఒక మొక్క పీకి వేరు చూసింది.

“ఆపినా దిగుద్ది, వదిలినా దిగుద్ది. నా మడిలోంచే వదిలేద్దామండి.”

బారెడు వెడల్పున నారు తన చేతులతోనే పెరికి, ఆమె పార అందుకొన్నది. నతానియేలు గారు బోదె అంచులకు మట్టి మెత్తారు. సాయంత్రానికి ఉప్పునీరు మురుగుకాలువకు కదిలింది. సూర్యప్రకాశరావు గారు ఎగువ తూము తెరిచి మళ్లీ మంచినీరు వదిలారు.

ఆ ఏడు నతానియేలు గారి చేనులో నాట్లు పడ్డాయి. నారు చాలక రాజ్యం చెక్కలో ఒక మూల బీడుగా మిగిలింది. తన నారు పెరికి పొరుగుచేనికి దారి ఇచ్చిన శ్రీమతి రాజ్యం గారి వల్లనే ఆ నేల తిరిగి పంటభూమి అయినదని ఇందుమూలంగా కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేయడమైనది.